ఏడుపు మాన్పిన సీసా

చంటిపిల్ల ఏడ్చిందంటే ఇంట్లో అందరూ పరుగెత్తుకొస్తారు. ఆకలేసిందని ఒకరంటే, కడుపునొప్పి అని ఒకరు, దిష్టి తగిలిందని మరొకరు అంటారు. ‘ఏడవందే అమ్మయినా పాలివ్వదు’ అని సామెత. మాటలు రాని బిడ్డకు ఏడుపే మాట.

అయితే, ఆ ఏడుపును నొక్కేసే మందులు ఒకప్పుడు చాలా దేశాల్లో బజారులో అమ్మేవారు. వాటివల్ల ఎందరో పసివాళ్లు చనిపోయారు.

అమెరికాలో 1849లో ‘మిసెస్ విన్‌స్లో సూదింగ్ సిరప్’ అనే తియ్యని మందు వచ్చింది. ప్రకటనల్లో బిడ్డను ఒడిలో పెట్టుకున్న తల్లి బొమ్మ ఉండేది. పళ్లు వచ్చేటప్పటి బాధ పోతుందని, విరేచనాలు కడతాయని చెప్పేవారు. నిజంగానే చెంచాడు పోస్తే బిడ్డ హాయిగా నిద్రపోయేది. కాని అందులో ఏమున్నదో సీసామీద రాసేవారు కాదు.

ఇలాంటి వాటిని ‘పేటెంటు మందులు’ అనేవారు. తమాషా ఏమిటంటే, వాటిలో చాలావాటికి పేటెంటే లేదు! పేటెంటు కావాలంటే మందులో ఏమేమి కలిపారో ప్రభుత్వానికి చెప్పాలి. అందుకని వ్యాపారులు పేరును మాత్రం తమదిగా రిజిస్టరు చేయించుకుని, దినుసులు రహస్యంగా ఉంచేవారు.

ఇంతకూ ఆ రహస్యం ఏమిటి? గసగసాల మొక్క పచ్చికాయకు గాటు పెడితే పాలు కారతాయి. ఆ పాలు ఎండి నల్లమందు అవుతుంది. నల్లమందులో ఉండే ముఖ్యమైన పదార్థం మార్ఫిను. ఆ తియ్యని సిరప్‌లో ఔన్సుకు 65 మిల్లీగ్రాముల మార్ఫిను ఉండేది. అంటే చెంచాకు సుమారు 10 మిల్లీగ్రాములు. భరించలేని నొప్పితో ఉన్న పెద్దవాళ్లకు ఆస్పత్రిలో ఇంజెక్షనుగా ఇచ్చే మోతాదు దాదాపు అంతే!

మన ఊపిరిని నడిపించే కేంద్రం మెదడులో ఉంది. మార్ఫిను దాన్ని మందగింపజేస్తుంది. మోతాదు మించితే ఊపిరి ఆగిపోతుంది. పసిబిడ్డ శరీరం ఆ మందును త్వరగా బయటికి పంపలేదు కూడా. మరొక ప్రమాదం ఉంది. మత్తులో ఉన్న బిడ్డ ఆకలివేసినా ఏడవదు. ఏడవని బిడ్డకు పాలెవరిస్తారు? అలా రోజురోజుకూ చిక్కిపోయేది. తల్లి మాత్రం బిడ్డ నెమ్మదిగా ఉందనుకునేది.

మన దేశంలో ఈ పనికి నల్లమందునే వాడేవారు. బొంబాయిలో ‘బాలగోళీలు’ అనే నల్లమందు మాత్రలు అమ్మేవారు. మిల్లుకు పోయే తల్లులు వాటిని బిడ్డలకు వేసి, నిద్రపుచ్చి పనికి వెళ్లేవారు. వారికి బిడ్డమీద ప్రేమ లేక కాదు. పోకపోతే కూలి లేదు, బిడ్డను చూసేవారూ లేరు.

నల్లమందు గోదావరి తీరానికి కొత్తదేమీ కాదు. ఆనాటి మద్రాసు రాజధానిలో నల్లమందు ఎక్కువగా వాడిన జిల్లాల్లో గోదావరి జిల్లా ఒకటి. మన్యంలో మలేరియా జాస్తి. నల్లమందు తింటే చలిజ్వరం దగ్గరికి రాదని జనం నమ్మేవారు. సర్కారు లైసెన్సు ఉన్న దుకాణాల్లో దాన్ని బహిరంగంగానే అమ్మేవారు.

అమెరికాలో 1906లో ఒక చట్టం వచ్చింది. మందులో మార్ఫిను గాని, నల్లమందు గాని, సారా గాని ఉంటే సీసామీద రాయాలన్నారు. రహస్యం బయటపడగానే తల్లులు జాగ్రత్తపడ్డారు. మన దేశంలో 1930లో మత్తుమందుల చట్టమూ, 1940లో ఔషధాల చట్టమూ వచ్చాయి. 1959 నుంచి, డాక్టరు సిఫారసు ఉన్నవారికి తప్ప, తినడానికి నల్లమందు అమ్మడం ఆపివేశారు.

మార్ఫిను చెడ్డదని అర్థం కాదు. కాన్సరు రోగుల బాధ తగ్గించడానికి డాక్టర్లు ఇప్పటికీ దాన్ని వాడతారు. తగిన మనిషికి, తగిన మోతాదులో, తెలిసినవారు ఇస్తే అది మందు. లేకపోతే విషం.

చట్టాలున్నా జాగ్రత్త తప్పదు. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్‌వాడా ప్రాంతంలో కల్తీ దగ్గుమందు తాగి 20 మందికి పైగా పిల్లలు చనిపోయారు. అందులో డైఇథలీన్ గ్లైకాల్ అనే విషం కలిసింది. ఆ విషం పేరు సీసామీద లేదు.

అందుచేత మీ ఇంట్లో చిన్న తమ్ముడో చెల్లాయో ఉంటే, ఈ సంగతి అమ్మకూ అమ్మమ్మకూ చదివి వినిపించండి. డాక్టరు చెప్పని మందు చంటిబిడ్డకు ఒక్క చుక్క కూడా పోయరాదు. బిడ్డ ఏడిస్తే, ఎందుకు ఏడుస్తున్నదో ముందు కనుక్కోవాలి. ఏడవాల్సిన బిడ్డ ఏడవకుండా మగతగా పడి ఉంటే, వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లాలి.