స్థానిక సంస్థల ఆరోగ్య గ్రాంటు

అంటువ్యాధి ప్రబలినపుడు పల్లెవాసి మొట్టమొదట ఆశ్రయించునది ఉపకేంద్రమునే యని కోవిడ్ కాలమున దేశమెల్ల గ్రహించిన పిదప, ఎన్.కె. సింగ్ అధ్యక్షతన గల 15వ ఆర్థిక సంఘము 2021-26 మధ్య పంచాయతీలు, పురపాలక సంఘముల ద్వారా వ్యయింపదగిన 70,051 కోట్ల రూపాయల ఆరోగ్య గ్రాంటును సిఫారసు చేసినది. సొంత గూడు లేని ఉపకేంద్రములకు భవనములు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రములలో రోగనిర్ధారణ పరికరములు, బ్లాకు స్థాయిని ప్రజారోగ్య విభాగములు అందలి అంశములు. జ్వరపీడితుని రక్తము పరీక్షకై జిల్లా కేంద్రమునకు పోయి ఫలితము తిరిగివచ్చులోపల ఇంటివారికిని, ఇరుగుపొరుగునకును వ్యాధి సోకవచ్చును. పరీక్ష సమీపముననే జరిగినచో ఆ వ్యవధి తగ్గును. అయితే పరికరము కొన్నంతమాత్రమున చాలదు, ల్యాబ్ టెక్నీషియను జీతము, రసాయనముల సరఫరా ఏటేటా సాగవలెను. వ్యాధి లేని యేట ఈ పద్దును కోసివేయుట అక్షమ్యము. పాఠకులారా, మీ గ్రామసభలో ఈ గ్రాంటు లెక్క తప్పక అడుగుడు.