నల్లాపని – స్త్రీలు

ఇంటిలో నీరు నిండుకొన్నచో ముందుగా తెలియునది ఇల్లాలికి. నల్లా కారుచున్నచో క్రింద బిందె పెట్టునదియు, మిద్దెపై తొట్టి పొర్లినప్పుడు పరుగెత్తునదియు ఇల్లాలే. కాని ఆ నల్లాను విప్పి బాగుచేయవలసి వచ్చినప్పుడు మాత్రము మనము మగవాని రాకకై ఎదురుచూచుచున్నాము. నీటితో ఇంతటి సంబంధము గల స్త్రీకి నీటిగొట్టముల విద్య ఏల దూరమైనది? సోదరీమణు లీ విషయమును కొంచెము విచారింపవలసియున్నది.

సికింద్రాబాదునకు ఉత్తరమున, నాగపూరు బాటపై బోయిన్‌పల్లి కలదు. కూరగాయల అంగడికి పేరు పొందిన చోటు. ఇచ్చటనే గాదు, జంటనగరములలో ఎచ్చట మేడ కట్టుచున్నను ఒకే తీరు కానవచ్చును. పాలమూరు మొదలగు జిల్లాలనుండి వలస వచ్చిన ఆడకూలీలు ఇసుకతట్టలను, ఇటుకలను తలకెత్తుకొని మెట్లెక్కుచుందురు. గోడ కట్టువాడును, గొట్టము బిగించువాడును సాధారణముగా పురుషులే. బరువు స్త్రీ తలపైన, పనిముట్టు పురుషుని చేతిలోన! హెచ్చు కూలి దొరకునది పనిముట్టునకే గాని బరువునకు గాదు.

“నల్లాపనికి బలము కావలెను, ఆడువారి కది తగదు” అనుట వాడుక. ఇరువది అడుగుల అంగుళపు ఇనుపగొట్టము సుమారు 15 కిలోల బరువుండును. పూర్వము దాని కొనకు చేతితోనే మరలు కోసి, జనపనారయు సఫేదాయు చుట్టి, పెద్ద పానాతో బిగించెడివారు. అది కష్టమైన పనియే. అయినను దినమంతయు కాంక్రీటుతట్టలు మోయు స్త్రీకి అసాధ్యమని ఎవరనగలరు? ఇప్పుడా కష్టమును చాలవరకు తొలగినది. ఇండ్లలో తేలికైన ప్లాస్టిక్కు గొట్టములు వచ్చినవి. వానిని రంపముతో కోసి, కొనలు నున్నచేసి, జిగురుద్రావకము పూసి కూర్చినచో అతుకుకొనును. దీనికి వలయునది సరియైన కొలత, ఓర్పు, చేతి నేర్పు. ఈ మూడును కుట్టుపనిలో మన మెరిగినవే గదా!

ఈ వృత్తి స్త్రీలకు క్రొత్తయును గాదు. లాటిను భాషలో సీసమునకు గల పేరునుండియే ‘ప్లంబరు’ అను మాట పుట్టినది. ప్రాచీన రోము నగరమున సీసపుగొట్టములపై వానిని చేయించినవారి పేర్లు ముద్రించెడివారు. నేటికిని నిలిచిన అట్టి ముద్రలలో స్త్రీల పేర్లును కలవు. అమెరికాలోని వర్జీనియా రాష్ట్రమున లిలియన్ బామ్‌బాక్ అను యువతి 1951లో మాస్టరు ప్లంబరు పట్టా పొంది, ఆ దేశమున అట్టి స్త్రీలలో మొదటిదని పేరు గాంచినది.

మన దేశమున ఇంతకంటె గొప్ప నిదర్శనము కలదు. ఉత్తరప్రదేశములోని బాందా జిల్లాయందు 1990 తరువాతి తొలియేండ్లలో, మహిళా సమాఖ్య అను ప్రభుత్వ కార్యక్రమము క్రింద, నిరుపేదలైన దళిత, ఆదివాసి స్త్రీలు చేతిపంపుల మరమ్మతు నేర్చిరి. బావిలోనుండి కడ్డీలను పైకి లాగి, అరిగిన వాషర్లను మార్చి, మరల దించుట వారి పని. వారిలో పెక్కురకు అక్షరము రాదు. పని నేర్చిన పిమ్మట లెక్కలు వ్రాసికొనుటకు చదువు నేర్పుడని వారే అడిగిరి. పానా పట్టిన చేయి పలకను కోరినది!

ఇది కేవలము కూలికి సంబంధించిన విషయము గాదు. మన నగరములో నల్లానీరు రోజంతయు రాదు. నీరు నిలిచిన వేళ గొట్టములో ఒత్తిడి తగ్గును. అప్పుడు అతుకున చిన్న చీలిక యున్నను ప్రక్కనున్న మురుగు లోనికి చొరబడగలదు. వీథిగొట్టమునకే మోటారు తగిలించి నీరు లాగుచోట ఈ యపాయము మరింత హెచ్చు. టైఫాయిడు, కామెర్లు, వాంతిభేదులు ఇండ్లలోనికి వచ్చు త్రోవలలో ఇదియొకటి. బిడ్డలకు కాచిన నీరిచ్చు తల్లికి గొట్టపు చీలికను గుర్తించు నేర్పును అవసరమే.

నేర్చుకొనుటకు మార్గములు లేకపోలేదు. ప్రభుత్వ పారిశ్రామిక శిక్షణసంస్థల విద్యలలో ప్లంబరు పని యొకటి. అది ఒక యేడాది చదువు. 2019లో ఆరంభమైన జల జీవన మిషను నియమముల ప్రకారము గ్రామ నీటిసంఘములలో సగము మంది స్త్రీలుండవలెను. ఊరికి ఐదుగురు స్త్రీలకు నీటిపరీక్ష నేర్పవలెనని కూడ అందు కలదు. నీటిని పరీక్షించు చేతికి పానా నిచ్చుట మరియొక మెట్టు మాత్రమే.

సోదరీమణులారా! మీ యింటి నీటిని ఆపు వాల్వు ఎచ్చట నున్నదో నేడే చూచుకొనుడు. దానిని మూసి, నల్లా విప్పి, వాషరు మార్చుట మీ కుమార్తెకును కుమారునకును సమానముగా నేర్పుడు. స్త్రీయే నల్లా బాగుచేయుటకు వచ్చిననాడు, “మగవారెవరును రాలేదా?” యని అడుగకుడు. పని చూడుడు, పురుషున కిచ్చు కూలియే ఆమెకును ఇండు.