డిఫికల్టీతో వచ్చిన చిక్కు

గల్ఫులో మనవాళ్ళకి కష్టాలు కొత్త కాదు గాని, వాటిని ఇంగ్లీషులో రాయవలసి వచ్చేసరికి ఇంకో కష్టం మొదలవుతుంది. సెలవు రోజున (ఇదివరకు శుక్రవారం, 2022లో వారాంతం మారాక ఆదివారం) దుబాయి సోనాపూర్ క్యాంపుల నుంచి మన సోదరులు తెచ్చే అర్జీలు చూసి పెడుతుంటాను. చాలావాటిలో కనబడే వాక్యం ఒకటే: 'ఐ హావ్ డిఫికల్టీ టు పే ది రెంట్'.

ఆ 'టు' అక్కడ కుదరదు. 'డిఫికల్టీ పేయింగ్' అనాలి, 'డిఫికల్టీ ఇన్ పేయింగ్' అన్నా సరే. "అద్దె కట్టడానికి కష్టంగా ఉంది" అని మనసులో అనుకుని, ఆ 'కి'ని ఇంగ్లీషులోకి మోసుకుపోతాం. "కట్టడంలో ఇబ్బంది" అనుకుని చూడండి, 'ఇన్ పేయింగ్' దానంతటదే వస్తుంది. 'ఇట్ ఈజ్ డిఫికల్ట్ టు పే' అన్నప్పుడు మాత్రం 'టు' ఉండవలసిందే. అక్కడున్నది 'డిఫికల్టీ' కాదు, 'డిఫికల్ట్'. కొందరు ఇంకో అడుగు వేసి 'ఐ యామ్ డిఫికల్ట్' అని రాస్తారు. నేనొక కొరకరాని కొయ్యనని యజమానికి మనమే చెప్పుకున్నట్టు!

ఇంతవరకు నవ్వుకోవచ్చు. జగిత్యాల వైపు తమ్ముడొకడు తెచ్చిన కాగితం చూసినప్పుడు మాత్రం నవ్వు రాలేదు. మూడు నెలలుగా జీతం లేదు. రాసింది: 'ఐ హాడ్ డిఫికల్టీ గెట్టింగ్ మై శాలరీ'. వ్యాకరణం దివ్యంగా ఉంది. కాని చదివే అధికారికి తోచేదేమిటి? జీతం కోసం ఇబ్బంది పడ్డాడు, చివరికి అందినట్టుంది అని.

"ఇంగ్లీషు తప్పున్నదా అన్నా?" అన్నాడు.

"ఇంగ్లీషు బాగానే ఉంది తమ్ముడూ, నీ జీతం రాలేదన్న మాటే ఇందులో లేదు."

'ఐ హావ్ నాట్ రిసీవ్డ్ మై శాలరీ' అని మార్చి, ఏయే నెలలు, ఎన్ని దిర్హాములు అన్నది కింద వేయించాను. 2009లో మొదలైన వేజ్ ప్రొటెక్షన్ సిస్టమ్ కింద కంపెనీలు జీతాలు బ్యాంకులు, ఎక్స్చేంజిల ద్వారా చెల్లించాలి. నెల పేరు ఉంటే పడిందో లేదో చూడటానికి వీలుంటుంది. వట్టి 'డిఫికల్టీ'ని ఏ లెక్కల్లో వెతుకుతారు, పాపం!

పిల్లల ఫీజుకు గడువు కోరుతూ స్కూలుకు రాసే ఉత్తరంలో మాత్రం 'డిఫికల్టీ పేయింగ్' చక్కగా సరిపోతుంది. ఎప్పటిలోగా కడతారో ఆ తేదీ కూడా పక్కనే వేయండి, గుమాస్తా ముందు చూసేది దాన్నే.