నోరు చెప్పని మాటను గీత చెబుతుందా?

పాలు పొయ్యిమీద పెట్టి పక్కకు తిరిగితే ఏమవుతుందో మనకెవరూ చెప్పక్కరలేదు. పొంగేదాకా పైకేమీ తెలియదు. మీగడ కట్టుకుని గిన్నె ఎంతో నెమ్మదిగా ఉంటుంది. ఆటిజం ఉన్న పిల్లలకు చదువు చెప్పే టీచర్లు కూడా ఇలాంటి మాటే అంటూంటారు. "అంతవరకూ బుద్ధిగానే కూర్చున్నాడండీ, ఉన్నట్టుండి బల్ల తోసేశాడు" అని. అది నిజంగా ఉన్నట్టుండి జరిగిందా, లేక లోపల ఎప్పటినుంచో ఉడుకుతూ ఉందా? ఈవేళ మనం చెప్పుకోబోయేది ఆ సంగతే.

ఆటిజం ఉన్న పిల్లల్లో కొందరికి మాట రాదు. వచ్చినవాళ్ళకైనా "ఈ ఫ్యాను చప్పుడు నేను భరించలేకపోతున్నాను" అని సమయానికి చెప్పడం సాధ్యపడకపోవచ్చు. పిల్లల మనసు ముఖంలో కనబడుతుందని మనం అనుకుంటాం. వీళ్ళ విషయంలో ముఖానికీ లోపలి స్థితికీ పొత్తు కుదరకపోవచ్చు. పైకి నిదానంగా ఉన్న పిల్లవాడి గుండె లోపల పరుగెడుతూ ఉండవచ్చు. అది తెలియని టీచరు "ఇంకొక్క లెక్క చెయ్యి నాన్నా" అని బతిమాలుతుంది. ఆ ఒక్క లెక్కతో పొంగిపోతుంది. ఆనక మొండివాడనీ, పెంకివాడనీ పేరు మాత్రం పిల్లవాడికే.

శాస్త్రజ్ఞులు ఈ లోపలి స్థితిని శరీర ఉద్దీపన అంటారు. మనం లోపలి హడావుడి అనుకుందాం, సులువుగా ఉంటుంది. భయం వేసినా, ఆశ్చర్యం కలిగినా, సంతోషం పట్టలేకపోయినా సహానుభూత నాడులు పని అందుకుంటాయి. గుండె వేగం పెరుగుతుంది, అరచేతుల్లో చెమట ఊరుతుంది. పరీక్ష హాల్లో ప్రశ్నపత్రం పంచేటప్పుడు మన చేతులు ఎలా ఉండేవో జ్ఞాపకం తెచ్చుకోండి! చెమటంటే ఉప్పునీరే కదా. ఆ తడి పెరిగినకొద్దీ చర్మం గుండా కరెంటు మరింత సులువుగా పారుతుంది. ఫ్రాన్సులో ఫెరే అనే వైద్యుడు 1888లోనే చర్మంలో జరిగే ఈ మార్పును గమనించాడు. ఇప్పుడు మణికట్టుకు గడియారంలా కట్టుకునే పట్టీలతోనే దీన్ని కొలవవచ్చు. షాకు కొట్టదు లెండి, ఆ కరెంటు మనకు తెలియనే తెలియదు.

అమెరికాలో ఎం.ఐ.టి. విద్యాసంస్థకు చెందిన మీడియా ల్యాబులో రోజలిండ్ పికార్డ్ అనే ఆచార్యురాలు ఈ పనిలో ఎన్నో ఏళ్ళు గడిపారు. యంత్రాలు మనిషి ఉద్వేగాలను ఎలా గుర్తించగలవో వివరిస్తూ 1997లో ఒక పుస్తకం రాశారు. 2009లో మరొకరితో కలిసి సంస్థ పెట్టి, క్యూ సెన్సర్ అనే పట్టీని తయారుచేయించారు. ఆ పట్టీ ఇప్పుడు అమ్మకంలో లేదుగాని, అలాంటివి వేరే వచ్చాయి.

ఆమె చెప్పిన ఒక సంగతి వినండి. ఆమె దగ్గర చదివే ఒక విద్యార్థికి మాటలు రాని తమ్ముడున్నాడు, ఆ పిల్లవాడికి ఆటిజం. క్రిస్మస్ సెలవులకు ఇంటికి వెళ్తూ ఆ విద్యార్థి పట్టీలు అడిగి తీసుకెళ్ళి తమ్ముడి రెండు చేతులకూ కట్టాడు. తర్వాత ఆ లెక్కలు చూస్తున్న ఆచార్యురాలికి ఒకచోట ఒక చేతి గీత మాత్రం కొండలా లేచి కనిపించింది. రెండో చేతి గీతలో ఆ పెరుగుదల లేదు. పట్టీ చెడిపోయిందేమో అనుకున్నారు. ఎంత ఆలోచించినా అంతు చిక్కక, ఆ కుర్రవాడికి ఫోను చేసి తేదీ, వేళ చెప్పి అడిగారు. అదృష్టం కొద్దీ ఆ ఇంట్లో డైరీ రాసే అలవాటుంది. వెతికి చూస్తే, సరిగ్గా దాని తర్వాతే తమ్ముడికి పెద్ద మూర్ఛ వచ్చిందని తేలింది. మూర్ఛ వచ్చినప్పుడు కనిపెట్టి ఇంట్లోవాళ్ళకు కబురందించే పట్టీని తయారుచేయడానికి దారి చూపింది ఆ గీతే. 2018లో అమెరికా ప్రభుత్వ ఆహార, ఔషధ విభాగం దానికి అనుమతి ఇచ్చింది.

ఇందులో నాకు ముఖ్యంగా తోచినది పట్టీ కాదండీ, డైరీ. గీత "ఎంత" అన్నది చెప్పింది. "ఎందుకు" అన్నది డైరీ చెప్పింది. అందుకని టీచరుకోసం తెరమీద బొమ్మ తయారుచేసేవారు గీతతోపాటు, దాని కిందే ఆ వేళకు ఏం జరిగిందో రాసుకోవడానికి చోటు ఉంచాలి. "పదిన్నర, బెల్లు మోగింది." "పదీ నలభై, పక్కపిల్ల ఏడ్చింది." అంతే, రెండు మాటలు చాలు. నాలుగు రోజులు అలా రాస్తే, గీత లేచినప్పుడల్లా ముందు బెల్లు ఉందో, ఏడుపు ఉందో, వంటగదిలోంచి వచ్చిన పోపు వాసన ఉందో టీచరుకే తెలిసిపోతుంది.

ఇక ఆ బొమ్మ ఎలా ఉండాలి? చాలామందికి ముందుగా తోచేది రోడ్డుమీద ఉండే సిగ్నలు దీపం. ఆకుపచ్చ అయితే ఫరవాలేదు, ఎరుపైతే ప్రమాదం. చూడ్డానికి తేలికే, నాకు మాత్రం నచ్చదు. ఎరుపు చూడగానే మన గుండే ఝల్లుమంటుంది, ఆ కంగారు పిల్లవాడికి అంటుకుంటుంది. పైగా ఆ రెండు రంగుల తేడా తెలియని మగవాళ్ళు కొందరుంటారు, వాళ్ళలో టీచర్లూ ఉండవచ్చు. అన్నిటికన్నా పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. ఎరుపు "తప్పు" అంటుంది. కాని ఉయ్యాల ఊగుతూ కేరింతలు కొడుతున్నప్పుడు కూడా గీత లేస్తుంది! సంతోషాన్నీ భయాన్నీ చర్మం ఒకేలా చూపిస్తుంది. ఎండలో ఆడివచ్చినా లేస్తుంది. అందుకే పిల్లవాడు ఎంత కదిలాడో చూపే సన్నటి చార ఒకటి గీత కింద ఉంటే మేలు. పరుగెత్తి వచ్చిన చెమటేదో, కుర్చీలో కూర్చుని పట్టిన చెమటేదో తెలుస్తుంది.

ఒక్క గీత చాలు, లావుగా, కాస్త దూరంనుంచి కూడా కనబడేట్టు. ఆ గీత వెనక లేత బూడిదరంగులో ఒక పట్టె ఉండాలి. ఆ పిల్లవాడికి మామూలు రోజుల్లో ఎంతనుంచి ఎంతదాకా ఉంటుందో చూపేది ఆ పట్టె. దీన్ని కొన్ని రోజులు చూసి తయారుచేయాలి. ఇంకో పిల్లవాడి లెక్క ఇక్కడ పనికిరాదు. అమెరికాలోనే ప్రావిడెన్స్ నగరంలో ఉన్న గ్రోడెన్ కేంద్రంతో కలిసి మాథ్యూ గుడ్విన్, మరికొందరు గుండె వేగాన్ని కొలిచి 2006లో ప్రచురించిన పరిశీలన కూడా, ఎవరి తీరు వారిదే, విడివిడిగా చూడాలి అనే చెప్పింది. గీత పట్టెకన్నా బాగా కిందికి పోయిందంటే అదీ ఆలోచించవలసిందే. నిద్ర వస్తూండవచ్చు. అది శాంతమే అని తీర్మానించుకోకూడదు.

పట్టీ వదులైనా, ఊడినా గీత నేలకు దిగిపోతుంది. టీచరు చూసి "హమ్మయ్య, నెమ్మదించాడు" అనుకునే ప్రమాదం ఉంది. అలాంటప్పుడు తెరమీద గీత తెగిపోయి, ఖాళీగా కనిపించాలి. తెలియనప్పుడు తెలియదని చూపించడం యంత్రానికి కూడా మర్యాదే!

గంటలు, కూతలు వద్దు. చప్పుడుకే అల్లాడే పిల్లల గదిలో చప్పుడు చేసే యంత్రమేమిటి? తెర టీచరు వైపే తిరిగి ఉండాలి. తన లోపలి హడావుడి క్లాసంతా చూస్తే ఏ పిల్లకు బాగుంటుంది చెప్పండి? ఆ గీతలు మార్కులు వేయడానికో, శిక్షించడానికో వాడకూడదన్నది ముందే తల్లిదండ్రులూ బడివాళ్ళూ కూర్చుని మాట్లాడుకోవాలి.

నేను మెట్రిక్ వరకే చదివినదాన్ని. ఇదంతా నాకు అర్థమైందంటే మీకు అర్థం కాకపోదు. మీ పిల్లల బడిలో ఎవరైనా ఇలాంటి పట్టీ తెచ్చి చూపిస్తే, ధర అడిగేముందు ఈ ప్రశ్నలు వేయండి. మా పిల్లవాడి మామూలు ఎంతో ఇందులో కనిపిస్తుందా? పట్టీ ఊడితే ఏం చూపిస్తుంది? ఈ లెక్కలు ఎవరి దగ్గర ఉంటాయి? గీత లేచినప్పుడు మీరేం చేస్తారు? ఈ ఆఖరి ప్రశ్నకు టీచరు దగ్గర జవాబు ఉండాలి. గొంతు తగ్గించడం, చెప్పే మాటలు తగ్గించడం, ఫ్యాను ఆపడం, పాఠం కాసేపు పక్కన పెట్టి పిల్లవాణ్ణి వరండాలోకి తీసుకెళ్ళడం, ఇలా ఏదో ఒకటి.

కొందరు పిల్లలకు చర్మంమీద ఏదీ ఆనకూడదు. చొక్కా వెనక కుట్టిన చీటీకే గిలగిలలాడతారు. అలాంటి పిల్లకు బలవంతాన పట్టీ కడితే, గీత చూపించేది ఆ పట్టీ పెట్టే బాధనే. ఆ పిల్ల పట్టీ విప్పి బల్లమీద పెట్టేసిందనుకోండి, మళ్ళీ కట్టకండి. ఆ పూటకు నోటుపుస్తకంలో వేళ వేసి "విప్పేసింది" అని రాసుకోండి. అంతకుముందు ఏం జరిగిందో పక్కనే ఇంకో ముక్క రాయండి.