గోదావరి గట్టున కోత పండుగ

కార్తీకం వెళ్ళిపోతూ వుంటుంది. తెల్లవారుజామున వశిష్ఠ గోదావరి మీద పలచగా మంచు దిగుతుంది. సార్వా వరి పండి, బరువుకు తలలు వాల్చి, కొడవలి కోసం కాచుకుని వుంటుంది. నరసాపురం చుట్టుపక్కల రైతు ఆకాశం వంక చూడకుండా అన్నం తినే రోజులు కావివి. పంట చేతికి వచ్చే కాలమూ, బంగాళాఖాతంలో వాయుగుండం పట్టే కాలమూ మనకు ఒక్కటే. సరిగ్గా ఆ రోజులలోనే మన ప్రాంతపు చర్చీలు చాలా వాటిలో కోత పండుగ చేసుకుంటారు.

పండుగ ఏ తేదీన అని అడిగితే ఒక్కొక్క చర్చివారు ఒక్కొక్క ఆదివారం చెబుతారు. ఇంగ్లండులో దీనికి యిప్పటి రూపం వచ్చింది 1843లో, కార్న్‌వాల్ తీరాన మార్వెన్‌స్టో అనే వూళ్ళో, రాబర్ట్ హాకర్ అనే గురువు చేతి మీదుగా అంటారు. అక్కడి కోతలు సెప్టెంబరు నాటికి అయిపోతాయి. మన వరి అప్పటికి యింకా పొట్ట మీద వుంటుంది. పండుగ దొరల వెంట వచ్చినా తేదీని మాత్రం మన చేలే నిర్ణయించుకున్నాయి.

ఆ రోజు గుమ్మానికి వరికంకుల తోరణం కడతారు. పనలు, గుమ్మడికాయలు, అరటి గెలలు, కొబ్బరికాయలు, కంద దుంపలు తెచ్చి బల్ల ముందు పేరుస్తారు. కాళ్ళు కట్టిన కోడిపుంజు సరిగ్గా ప్రార్థన మధ్యలో కూస్తుంది. పిల్లలు నవ్వు ఆపుకోలేరు. పేతురు జ్ఞాపకం వచ్చి పెద్దలూ లోలోపల నవ్వుకుంటారు. ఆరాధన అయ్యాక వేలం. జామకాయ ఒక్కటి వందరూపాయలు పలకడం నేను చూశాను. పాడుకున్నవాడు దానిని తినడు. తిరిగి బల్ల మీద పెట్టేస్తాడు. మళ్ళీ పాట మొదలు!

అయితే ఆ పనలు మోసుకు వచ్చిన వారిలో చాలామందికి సెంటు భూమి లేదు. పరాయి చేను కోసి, కూలి గింజలు తెచ్చుకుని, అందులోంచి తీసి పెట్టినవవి. రూతు బోయజు పొలంలో పరిగె ఏరుకున్న కథ చదివేటప్పుడు వారికి వ్యాఖ్యానం అక్కరలేదు. "పరిగె" అన్న మాట బైబిలులో ఎంత వుందో మన కళ్ళాలలోనూ అంతే వుంది. ఇప్పుడు కోత మిషన్లు దిగాక కూలికీ పరిగెకూ కూడా చోటు తగ్గింది. ఆడవాళ్ళు యింటి దగ్గర లేసు అల్లుకుంటారు. కొందరు కువైట్ వెళ్ళి అక్కడినుంచి కానుక పంపుతారు. నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషమే. కాని 1982లో మారియా మీస్ అనే జర్మను విదుషి యీ లేసు అల్లే స్త్రీల మీద ఒక పుస్తకం రాసి, వారి పనిని తీరిక వేళ కాలక్షేపమని పేరుపెట్టి ఎంత తక్కువ కూలి యిస్తున్నారో లోకానికి చూపింది. దేవునికి వందనాలు చెప్పే నోటితో కూలి పెంచమని అడగకూడదని ఏ వాక్యంలోనూ లేదని నా మనవి.

ఈ గట్టున క్రైస్తవానికి పునాది వేసినవారు కూడా కూలినాలి చేసుకున్నవారే. 1836లో ఆంతొనీ నోరిస్ గ్రోవ్స్ వెంట ఇంగ్లండులోని బార్న్‌స్టేపుల్ నుంచి బయలుదేరి వచ్చిన విలియం బౌడెన్ రాతిపనివాడు, జార్జి బీర్ చెప్పులు కుట్టేవాడు. నెలజీతమంటూ ఏ సంఘమూ పంపే ఏర్పాటు లేదు. అప్పటికి డొక్కల కరువు వెళ్ళి మూడేళ్ళు. ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలు కావడానికి యింకా పదకొండేళ్ళుంది. అది పూర్తయింది 1852లో. అంటే యిక్కడ మొదటి కృతజ్ఞతాస్తుతి చెప్పిన నాటికి యీ డెల్టాకు నికరమైన పంటే లేదన్నమాట.

తెలుగు పాఠం చెప్పుకునేవాణ్ణి గనుక ఒక్క మాట. "కృతజ్ఞత" సంస్కృతం. చేసిన మేలు ఎరిగి వుండడం దాని అర్థం. మన పల్లెల్లో ఆ మాట ఎవరూ అనరు, "విశ్వాసం" అంటారు. కుక్కకు వున్న విశ్వాసం వీడికి లేదంటే, తిన్న యింటి వాసాలు లెక్కపెట్టే రకమని. అదే మాటను బైబిలు అనువాదకులు దేవుని మీద నమ్మకానికి వాడారు. అంచేత తెలుగు క్రైస్తవుడికి నమ్మడమూ, మేలు మరవకపోవడమూ ఒకే మాటలో యిమిడిపోయాయి. అప్పు ఎగవేసిన ఒక ఆసామిని మా పెదనాన్నగారు, "విశ్వాసేనండీ, విశ్వాసమే లేదు" అన్నారు. నిఘంటువు తిరగేసినా యింతకు మించి తేలదు.

ఈ మాట బరువు నాకు తెలిసివచ్చింది 1996లో. ఆ నవంబరు 6వ తేదీ రాత్రి కోనసీమ మీద తుపాను విరుచుకు పడింది. వెయ్యిమందికి పైగా పోయారు. లక్షల కొబ్బరిచెట్లు నేలకూలాయి. మా నాయనమ్మది రేవుకు అవతల, సఖినేటిపల్లి వైపు ఒక పల్లె. పంటు మళ్ళీ తిరిగాక వెళ్ళి చూద్దును గదా, వూరే గుర్తు పట్టలేకపోయాను. కోయాల్సిన చేలు నీళ్ళలో పడుకుని వున్నాయి. కంకి మీదనే గింజకు మొలక వచ్చింది.

అయినా కోత పండుగ మానలేదు. చర్చి పైకప్పు సగం రేకులు లేచిపోయాయి. ఎండ తిన్నగా బల్ల మీద పడుతోంది. మా నాయనమ్మ చీరకొంగులో చుట్టి ఒక పన తెచ్చింది. తెల్లటి మొలకలతో, బురద వాసనతో, చూడడానికే దిగులుగా వుంది. నాకు సిగ్గేసింది.

"ఇదెందుకు తెచ్చావు నాయనమ్మా?" అన్నాను గొంతు తగ్గించి.

"పోయినేడు మంచి గింజలు తెచ్చాను గదా నాన్నా. ఈయేడు యివే వున్నాయి. లేనివి ఎక్కణ్ణుంచి తేను?" అంది, నా వంక చూడకుండానే.

వేలంలో ఆ పన వంతు వచ్చేసరికి అందరూ వూరుకున్నారు. చివరికి ఆ చేను ఆసామి, చర్చికి రానివాడు, గుమ్మం బయటినుంచే పాట పాడాడు. డబ్బు కట్టి, పన చంకన పెట్టుకుని వెళ్ళి, తుపానులో మిగిలిన తన ఒక్క ఆవుకు వేశాడు.