లెక్క కరెక్టే.. మరి తప్పెక్కడ?

రెజ్యూమెలో ‘హాబీస్: రీడింగ్ నావెల్స్’ అని రాశారా? అయితే ‘మీరు చదివిన వాటిలో లోతైన కథ ఏది? ఎందుకు?’ అని అడిగితే ఏం చెప్తారో ఇప్పుడే ఆలోచించుకోండి.

బీటెక్ ఫైనలియర్‌లో ఓ ఇంటర్వ్యూలో నన్ను ఇదే అడిగారు. ఏదో నవల పేరు చెప్పి, ‘చాలా డెప్త్ ఉంటుంది సర్’ అన్నాను. ‘డెప్త్ అంటే?’ అన్నారాయన. ‘చివర్లో హీరో చనిపోతాడు సర్’ అనేశాను. ప్యానెల్‌లో ముగ్గురూ నవ్వారు. ఉద్యోగం రాలేదు. కోడింగ్ రౌండ్ కూడా అంతంతమాత్రంగానే చేశాను కాబట్టి నెపమంతా ఆ జవాబు మీదకు నెట్టను. కానీ ఆ ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు.

ఏడిపిస్తే లోతైన కథా? అలాగైతే సీరియళ్లన్నీ లోతైనవే. ట్విస్ట్ ఉంటేనా? ట్విస్ట్ ఒకసారి తెలిశాక రెండోసారి చదవబుద్ధి కాదు. అర్థంకాని మాటలు రాస్తేనా? సిలబస్ పుస్తకాల్లో అవి బోలెడు. మరేంటి?

టికెట్ క్లోజ్ చేశాను

జవాబు నాకు క్లాసులో కాదు, మొదటి ఉద్యోగంలో దొరికింది. చిన్న అప్పులిచ్చే యాప్ తయారుచేసే కంపెనీ అది. వాయిదా ఆలస్యమైతే పెనాల్టీ, వడ్డీ లెక్కేసే కోడ్ నాది. ఒకరోజు ఓ కస్టమర్ ఫిర్యాదు నా దాకా వచ్చింది. ‘ఏడు నెలలుగా కడుతున్నా. బాకీ తగ్గట్లేదు. మీ లెక్క తప్పు’ అని. గంటసేపు కూర్చుని ప్రతి ఎంట్రీ చెక్ చేశాను. పైసా తేడా లేదు. ‘లెక్క సరిగ్గానే ఉంది’ అని రాసి టికెట్ క్లోజ్ చేశాను. నిజం చెప్పాలంటే, కాస్త గర్వంగా కూడా అనిపించింది.

ఆ వారంలోనే మా రూమ్మేట్ ఒక పుస్తకం చేతిలో పెట్టాడు. వాడిది శ్రీకాకుళం. ‘మా కారా మాస్టారి కథ, చదువు’ అన్నాడు. అది కాళీపట్నం రామారావు 1964లో రాసిన ‘యజ్ఞం’.

అందరూ మంచివాళ్లే

కథ సుందరపాలెం అనే ఊళ్లో జరుగుతుంది. ఊరికి రోడ్డు, బడి లాంటివన్నీ వచ్చాయి. అభివృద్ధి చెందిన ఊరని పేరు. అప్పల్రాముడు అనే దళిత రైతు గోపన్న దగ్గర అప్పు చేశాడు. అది తీరలేదు. తగవు పంచాయతీకి వచ్చింది. పెద్దమనిషి శ్రీరాములు నాయుడు న్యాయంగా తీర్పు చెప్తాడని పేరున్నవాడు.

ఇక్కడే నేను ఆగిపోయాను. విలన్ కోసం వెతికాను. దొరకలేదు. గోపన్న సినిమాల్లో వడ్డీ వ్యాపారిలా మీసం మెలేసే రకం కాదు. నాయుడు లంచం తినలేదు. అప్పు తీసుకోలేదని అప్పల్రాముడూ అనడు. మాట మీద నిలబడాలనే మనిషి. అందరూ ధర్మం ప్రకారమే నడుస్తున్నారు. ఆ ధర్మం ప్రకారమే ఆ కుటుంబం కట్టుబానిసత్వం వైపు జారిపోతోంది. చివరికి అప్పల్రాముడి కొడుకు సీతారాముడు, తన బిడ్డ ఈ అప్పు కింద పాలేరుగా బతకకూడదని ఆ పసివాణ్ని తన చేతులతోనే చంపేస్తాడు.

ముగింపు చెప్పేశానని కోప్పడకండి. అది ముందే తెలిసినా ఈ కథకు పోయేదేం లేదు. తెలిశాక మళ్లీ మొదటికి వెళ్తాం. ఏ మెట్టు దగ్గర తప్పు జరిగిందో పట్టుకోవాలని చూస్తాం. అప్పు ఇవ్వడంలోనా? తీసుకోవడంలోనా? తీర్పులోనా? లేక ఎవరి చేతిలో భూమి ఉంది, ఎవరి చేతిలో చాకిరీ మాత్రమే ఉంది అన్న దగ్గరే మొదలైందా? ఆ ముగింపు సబబేనా అని విమర్శకులు దశాబ్దాల పాటు వాదించుకున్నారు. ఆ పని సరైనదని కథ చెప్పదు. సమాధానం కూడా ఇవ్వదు. మన చేత వెతికిస్తుంది.

నా మటుకు నాకు లోతంటే అదే. కథలో ఎవరి వైపు నుంచి చూసినా వాళ్ల మాట సబబే అనిపించాలి. అయినా చివరికి అన్యాయం జరిగిందని మనసుకు తెలుస్తూనే ఉండాలి. ఈ రెంటికీ మధ్య మనం నలగాలి.

ఆ రాత్రి నాకు శ్రీరాములు నాయుడు కాదు, నేనే గుర్తొచ్చాను. నేనూ లెక్క చూసి తీర్పు చెప్పినవాణ్నే కదా.

మర్నాడు టికెట్ మళ్లీ తెరిచాను. కస్టమర్ కట్టే డబ్బు ముందు పెనాల్టీకి, తర్వాత వడ్డీకి పోతోంది. అసలుకు దాదాపు ఏమీ చేరట్లేదు. ‘ఇది మార్చొచ్చా?’ అని మేనేజర్‌ని అడిగాను. ‘పాలసీ మన చేతిలో లేదు’ అన్నారు. రెండు నెలలు వెంటపడితే, కట్టేముందే ఎంత అసలుకు వెళ్తుందో చూపించే ఒక లైన్ మాత్రం స్క్రీన్ మీదకు వచ్చింది. ఆ కస్టమర్ బాకీ అలాగే ఉండిపోయింది. కథ చదివి లోకాన్ని మార్చేశానని చెప్పను. చూడాల్సిన చోటు మాత్రం తెలిసింది.

మీరూ ఇలా చదివి చూడండి

* కథ పూర్తయ్యాక మీకు నచ్చని పాత్ర తరఫున ఐదు నిమిషాలు వాదించండి. వాదించడానికి ఏమీ దొరక్కపోతే ఆ కథలో పెద్దగా లోతు లేనట్టే. గ్రూప్ డిస్కషన్‌కూ ఇది మంచి ప్రాక్టీసు.

* ‘నీతి ఏమిటి?’ అని కాకుండా ‘తప్పు ఎక్కడ మొదలైంది?’ అని అడగండి. డీబగ్గింగ్ చేసేటప్పుడు అడిగేదీ ఇదే కదా.

* వారం తర్వాత ఆ కథ గుర్తొస్తోందా? ఏం చూసినప్పుడు గుర్తొచ్చిందో ఒక వాక్యం రాసి పెట్టుకోండి. ఇంటర్వ్యూలో చెప్పాల్సింది కథాసారాంశం కాదు, ఆ వాక్యం.

* పుస్తకాలు కొనడానికి డబ్బుల్లేవా? కారా మాస్టారు తన సాహిత్య అకాడమీ అవార్డు తర్వాత, 1997లో శ్రీకాకుళంలో ‘కథానిలయం’ ప్రారంభించారు. పాత పత్రికల్లో వచ్చిన వేల తెలుగు కథలు దాని వెబ్‌సైట్‌లో ఉచితంగా చదువుకోవచ్చు.

ఇప్పుడు ఎవరైనా ‘లోతైన కథ ఏది?’ అని అడిగితే ‘యజ్ఞం’ అంటాను. ‘ఎందుకు?’ అంటే, నేను క్లోజ్ చేసిన టికెట్‌ని మళ్లీ తెరిపించింది కాబట్టి అని చెప్తాను.