రాలిన పంటిలో రోజుల లెక్క

విశాఖపట్నం కొండల్లో మాంసాహార డైనోసార్ల ఎముకలు దొరికే అవకాశం ఉందా అని పాఠకుల నుంచి వచ్చిన ప్రశ్నకు లేదు అన్న ఒక్క మాటతో జవాబు ముగించవచ్చు గాని, ఆ లేకపోవడానికి గల కారణం మాత్రం తెలుసుకోదగినదే. డాల్ఫిన్స్ నోస్, కైలాసగిరి, సింహాచలం కొండల్లో కనిపించే ఖొండలైట్ అనే శిల, పూర్వం బంకమట్టి, ఇసుక పొరలుగా పేరుకున్నది భూమి లోతుల్లోని వేడికి, ఒత్తిడికి లోనై గార్నెట్, సిల్లిమనైట్ వంటి ఖనిజాలుగా మారగా ఏర్పడింది. ఆ మార్పు సుమారు 100 కోట్ల సంవత్సరాల నాటిది కాగా, డైనోసార్లు భూమి మీదికి వచ్చి సుమారు 23 కోట్ల సంవత్సరాలే అయింది. భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలు చూస్తే అవి మరీ నిన్నమొన్నటివి, వాటి వయసు వేల సంవత్సరాల్లోనే ఉంటుంది. ఒకటి మరీ పాతది, మరొకటి మరీ కొత్తది కావడంతో నడుమనున్న డైనోసార్ల కాలం ఈ ఊరి రాళ్లకు ఎక్కనేలేదు.

తెలుగు నేలలో ఆ కాలపు రాళ్లకు ప్రాణహిత–గోదావరి లోయ ప్రసిద్ధి. హైదరాబాదులోని బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టిన కోటాసారస్ అస్థిపంజరం ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలోని యామనపల్లి దగ్గర దొరికిన ఎముకలదే అయినా, అది ఆకులలములు మేసిన జంతువు. అదే లోయలోని కోటా అనే శిలల పొరల నుంచి పి. యాదగిరి 1982లో దండకోసారస్ అని పేరుపెట్టిన మాంసాహారికి ఆధారం తుంటి ఎముక ముక్క మాత్రమే కనుక, దాని రూపురేఖల గురించి చెప్పేదంతా ఊహే అవుతుంది. భారత ఉపఖండపు పెద్ద మాంసాహారుల కోసం నర్మదా లోయకు, గుజరాత్‌కు వెళ్లక తప్పదు.

గుజరాత్‌లో బాలాసినోర్ సమీపంలోని రహియోలి వద్ద 1980ల తొలినాళ్లలో సేకరించిన ఎముకల ఆధారంగా, 2003లో జెఫ్రీ విల్సన్, పాల్ సెరెనో, సురేశ్ శ్రీవాస్తవ, అశోక్ సాహ్నీ తదితరులు రాజాసారస్ నర్మదెన్సిస్ అనే జంతువును లోకానికి పరిచయం చేశారు. ఇది అబెలిసారిడ్ అనే కుటుంబానికి చెందినది. గోండ్వానా అనే ప్రాచీన మహాఖండం ముక్కలైన తరువాత దక్షిణ అమెరికా, మడగాస్కర్, భారతదేశాల్లో పెద్ద వేటజంతువులుగా నిలిచినవి ఈ కుటుంబం వారే. పొట్టిగా, ఎత్తుగా ఉండే తల, గరుకైన ముఖపు ఎముకలు, నెత్తిమీద కొమ్మో బుడిపో, బలిసిన మెడ, ముంజేయి దాదాపు లోపించి ఎందుకూ కొరగాని చేతులు వీటి గుర్తులు. టైరనోసారస్ చేతులను చూసి నవ్వేవారు వీటి చేతులను చూడలేదనే అనుకోవాలి.

ఇంత ప్రత్యేకమైన రూపం ఉన్నా వీటిని గుర్తుపట్టడంలో శాస్త్రజ్ఞులు తడబడినంతగా మరెక్కడా తడబడలేదేమో. నర్మదా లోయలోని జబల్పూర్ దగ్గర దొరికిన ఎముకలను పరిశీలించిన చార్లెస్ మాట్లీ లమేటాసారస్‌ను ఒంటిమీద కవచపు పలకలున్న శాకాహారిగా వర్ణించగా, అందులో మాంసాహారి తుంటికి వేరే జంతువు పలకలు జతపడ్డాయని తరువాత తేలింది. 1933లో ఫాన్ హ్యూన, మాట్లీ కలిసి పేరుపెట్టిన ఇండోసుకస్‌ను మొదట అల్లోసారస్ బంధువని, ఆ తరువాత టైరనోసారస్ బంధువని అన్నారు. మడగాస్కర్‌లో దొరికిన ఒక బుడిపె పుర్రెముక్కను 1979లో తలలు ఢీకొట్టుకునే శాకాహారులలో చేర్చగా, మంచి పుర్రె బయటపడ్డాక అది మజుంగాసారస్ అనే పచ్చి మాంసాహారిదని 1998లో రుజువైంది. అర్జెంటీనాలో అబెలిసారస్‌ను వర్ణించి 1985లో హోసే బొనపార్తె, ఫెర్నాండో నోవాస్ ఈ కుటుంబానికి పేరు పెట్టాకగాని, మన ఇండోసుకస్‌కు అసలు చుట్టాలెవరో తెలియలేదు.

ఇంతటి అయోమయంలోనూ అబద్ధమాడని సాక్షి ఒకటుంది, అది పన్ను. పైనున్న ఎనామిల్ పొర కింద పంటికి ఒళ్లుగా ఉండే పదార్థాన్ని డెంటిన్ అంటారు. పన్ను పెరిగేటప్పుడు లోపలి గుజ్జు చుట్టూ ఉన్న కణాలు డెంటిన్‌ను పొరలు పొరలుగా లోపలి వైపుకు పేరుస్తూ పోతాయి, ఒక్కో రోజు పేర్చిన పొరకు ఒక్కో సన్నని గీత మిగులుతుంది. పాలు పోసేవారి లెక్క కోసం గోడమీద రోజుకొక గీత గీసినట్టుగా జంతువు తన పంటిలోనే తన రోజులను గీసుకుంటుందన్నమాట. ఈ గీతలకు ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు ఫాన్ ఎబ్నర్ పేరు స్థిరపడింది. ఇవి నిజంగా దినదిన గీతలేనా అన్న సందేహాన్ని గ్రెగరీ ఎరిక్సన్ బతికున్న ఎలిగేటర్ మొసళ్లలో తీర్చుకున్నాడు: డెంటిన్‌లో నిలిచిపోయే రంగును తెలిసిన రోజుల ఎడంతో వాటికి ఎక్కించి, రెండు రంగుల నడుమ పడిన గీతలను లెక్కపెట్టి, గీతల సంఖ్య రోజుల సంఖ్యతో సరిపోయిందని చూపాడు.

అసలు తమాషా దీని తరువాతే ఉంది. డైనోసార్ దవడలో పనిచేసే పంటి కింద, అదే గుంటలో, దాని స్థానం కోసం వేచి ఉండే పిల్లపన్ను ఉంటుంది. రెండింటినీ కోసి, సానపట్టి, వెలుతురు సోకేంత పలుచన చేసి, పెద్దపంటి గీతల్లోంచి పిల్లపంటి గీతలను తీసివేస్తే, ఒక పన్ను రాలి మరొకటి రావడానికి పట్టే రోజులు ఎన్నో తెలిసిపోతాయి. కోట్ల సంవత్సరాల క్రితం చచ్చిన జంతువు గురించి రోజులతో సహా చెప్పగలిగిన లెక్క ఇంతకన్నా నిరాడంబరంగా మరొకటి ఉండదు. ఎరిక్సన్ 1996లో ఈ పద్ధతిని ప్రకటించినప్పుడు టైరనోసారస్‌కు వచ్చిన అంకె 777, అంటే ఒక్కో పన్ను రెండేళ్లకు పైగా పనిచేసేది.

2019లో మైకేల్ డెమిక్ బృందం మజుంగాసారస్ పళ్లకు ఇదే లెక్క కట్టి, ప్రతి పంటినీ కోయనవసరం లేకుండా సీటీ స్కాన్‌తో దవడల లోపలి పిల్లపళ్ల పొడవులను కొలిచి చూడగా, సుమారు 56 రోజులని తేలింది. అల్లోసారస్‌కు అదే పద్ధతిలో 104, సెరటోసారస్‌కు 107 రోజులు వచ్చాయి. ఇంత తొందర దేనికన్న ప్రశ్నకు జవాబు ఎముకలమీద ఉంది. మడగాస్కర్‌లో దొరికిన ఎముకలమీద, మజుంగాసారస్ ఎముకలతో సహా, పంటి గాట్లు కనిపించగా, ఆ గాట్ల ఎడం మజుంగాసారస్ పళ్ల ఎడానికి, గాట్లలోని సన్నని చారలు పంటి అంచులోని గంట్లకు సరిపోయాయి. సొంత జాతివారిని కూడా వదలక ఎముక దాకా గీకి తిన్న జంతువు పళ్లు తొందరగా అరిగిపోవడంలో వింత లేదు. మందమైన పన్ను చేసుకుని ఏళ్ల తరబడి వాడుకోవడం టైరనోసారస్ పద్ధతి అయితే, చిన్న పన్ను చేసుకుని రెండు నెలలకే పారేయడం వీటి పద్ధతి. నోటిలో 60 గుంటలే ఉన్నాయనుకున్నా, ఈ లెక్కన ఒక్క జంతువు ఏడాదికి దాదాపు 390 పళ్లు రాల్చాలి. మాంసాహారుల ఎముకలు అరుదుగా, పళ్లు విరివిగా దొరకడానికి ఇదొక ప్రధాన కారణం.

రాజాసారస్, ఇండోసుకస్ మజుంగాసారస్‌కు దగ్గరి బంధువులే. మడగాస్కర్ భారతదేశం నుంచి విడిపోయింది సుమారు 8.8 కోట్ల సంవత్సరాల క్రితమైతే, ఈ మూడూ బతికింది దాదాపు 7 కోట్ల సంవత్సరాల నుంచి 6.6 కోట్ల సంవత్సరాల నడుమ. కాబట్టి పళ్లను తొందరగా మార్చే అలవాటు విడిపోకముందు కుటుంబమంతటికీ ఉన్నదా, మడగాస్కర్‌లో తరువాత వచ్చినదా అన్నది తేల్చగల సాక్ష్యం మన ఎముకల్లోనే ఉండాలి. చిక్కల్లా ఆ సాక్ష్యం దొరకడం దగ్గర ఉంది. రాలిన పన్ను ఎన్నాళ్లు పెరిగిందో చెబుతుంది గాని, జతగా పిల్లపన్ను లేనిదే మార్పిడి లెక్క రాదు, అందుకు దవడ కావాలి. అటువంటి దవడ ముక్కలు కొన్ని, అమెరికాలో తొలి టైరనోసారస్‌ను తవ్వి తీసిన బార్నమ్ బ్రౌన్ 1920లలో భారతదేశం వచ్చినప్పుడు సేకరించగా, న్యూయార్క్‌లోని ప్రకృతి చరిత్ర మ్యూజియం చేరాయి. 1978లో శంకర్ చటర్జీ వాటిని ఇండోసుకస్‌వని గుర్తించి, ఆనాటి అభిప్రాయం ప్రకారం టైరనోసారస్ కుటుంబంలోనే ఉంచారు. ఆ ఎముక లోపల బయటికి రాని పన్ను ఒక్కటి మిగిలి ఉన్నా, దవడకు చిన్న గీటు కూడా పెట్టకుండానే సీటీ స్కాన్‌తో లెక్క మొదలుపెట్టవచ్చు.